"కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు?" – తిండిలో రసాయనాలు, పిల్లల ఆయాసం (ఎపిసోడ్ పూర్తి టెక్స్ట్)

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. కంచం ముందు పెట్టుకుని చూసేవాళ్ళు మాత్రం తినడం అయ్యాక చూడండి. మధ్యలో పురుగుమందుల గొడవ వస్తుంది.

రేపల్లె వైపు నుంచి ఒక అక్క మెసేజ్ పెట్టారు. "తమ్ముడూ, మా బాబుకి నాలుగేళ్ళు. జలుబు చేసిందంటే చాలు, రాత్రంతా పిల్లికూతలు. మా ఇంట్లో ఒకటే మాట. నువ్వు కడుపుతో ఉన్నప్పుడు నూడిల్స్ తిన్నావు, కూల్‌డ్రింకులు తాగావు, ఆ కెమికల్స్ వల్లే వీడికిట్లా వచ్చింది అంటారు. నిజంగా నా వల్లేనా?" అని.

ఇదే ప్రశ్న వేరే వేరే మాటల్లో నాకు చాలామంది పంపారు. ఒకరికి బొప్పాయి అనుమానం, ఒకరికి బయటి బిర్యానీ, ఇంకొకరికి ప్లాస్టిక్ కవర్లో తెచ్చుకున్న సాంబారు. అడిగినవాళ్ళంతా తల్లులే. ఇంతవరకు ఒక్క నాన్న కూడా "అప్పుడు నేనేం చేశాను?" అని అడగలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

నేను డాక్టర్ని కాదండి. మాది జంపని, వేమూరు మండలం. తెనాలి–రేపల్లె రైలెక్కేవాళ్ళకి స్టేషన్ బోర్డు అయినా తెలుసు. బీటెక్ చేసి కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి ఇటు వచ్చాను. వైద్యం తెలియదు. ఒక పరిశోధన ఎంతమంది మీద చేశారు, దేన్ని కొలిచారు, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది అని చూడటం మాత్రం వచ్చు. ఇవాళ చేసేది అంతే. మందుల సంగతి మీ పిల్లల డాక్టర్ గారు చెప్పాలి.

ఆఫీసులో ఒక అలవాటు ఉండేది. అర్ధరాత్రి సిస్టమ్ ఏదో పడిపోతే ముందు చూసేది, చివరగా కోడ్ మార్చింది ఎవరు అని. వాడి పేరు దొరికితే మీటింగ్ అయిపోయినట్టే. అసలు లోపం మూడేళ్ళ కిందటి నుంచి అందులోనే ఉండి ఉండొచ్చు, అదెవరూ తవ్వరు. పిల్లల జబ్బుల విషయంలో మన ఇళ్ళల్లో కూడా ఇదే పద్ధతి నడుస్తోంది. తొమ్మిది నెలలు మోసింది తల్లి కాబట్టి తల్లి పేరు దొరుకుతుంది, అక్కడితో వెతకడం ఆగిపోతుంది.

సరే, అసలు విషయంలోకి వద్దాం. బిడ్డ ఊపిరితిత్తులు ఎప్పుడు తయారవుతాయి? గాలి గొట్టాలు చెట్టు కొమ్మల్లాగా చీలుకుంటూ పోతాయి. ఈ కొమ్మలు వేయడం దాదాపు 16, 17 వారాలకే పూర్తవుతుంది. అంటే నాలుగో నెల. మన వైపు మూడో నెల దాటేదాకా చాలా ఇళ్ళల్లో బయటికే చెప్పరు కదా, చెప్పే సమయానికి లోపల సగం పని అయిపోయి ఉంటుంది. ఇక కొమ్మల చివర ద్రాక్షగుత్తుల్లాగా ఉండే గాలి తిత్తులు చివరి వారాల్లో మొదలై, పుట్టిన తర్వాత కూడా రెండు మూడేళ్ళు జోరుగా పెరుగుతూనే ఉంటాయి.

కాబట్టి ఊపిరితిత్తులకి రెండు కిటికీలు. ఒకటి కడుపులో, ఒకటి బయట. మన పెద్దవాళ్ళ మాటలన్నీ మొదటి కిటికీ మీదే. రెండోది తెరిచే ఉంటుంది, దాని వైపు ఎవరూ చూడరు.

ఇంకో సంగతి. చిన్నపిల్లల్లో పిల్లికూతలన్నీ ఆస్తమా కాదు. అమెరికాలో టూసాన్ అనే ఊళ్ళో 826 మంది పిల్లల్ని పుట్టినప్పటి నుంచి వెంటపడి చూశారు, 1995లో ఆ ఫలితాలు వచ్చాయి. మూడేళ్ళ లోపు వందలో సుమారు 34 మందికి ఎప్పుడో ఒకప్పుడు పిల్లికూతలు వచ్చాయి. వాళ్ళల్లో దాదాపు 60 శాతం మందికి ఆరేళ్ళు వచ్చేసరికి అవి పోయాయి. చిన్న గొట్టం, అందులో జలుబు వైరస్ వాపు, అంతే. గొట్టం పెరిగితే కూత తగ్గుతుంది. ఎవరికి తగ్గుతుంది, ఎవరికి ఉండిపోతుంది అనేది డాక్టర్ గారు ఇంట్లో వాళ్ళ ఎలర్జీ చరిత్ర, ఒంటి మీద ఎగ్జిమా లాంటివి చూసి అంచనా వేస్తారు. అంతేగానీ ఐదేళ్ళ కిందట తల్లి తిన్న నూడిల్స్ ప్లేటు చూసి కాదు.

అయితే తిండిలో కెమికల్స్‌కి దీనితో సంబంధమే లేదా? ఉంది. అక్కడే జాగ్రత్తగా చదవాలి.

పురుగుమందులతో మొదలుపెడదాం, మనది వ్యవసాయం ప్రాంతం కాబట్టి. కాలిఫోర్నియాలో సలీనాస్ లోయ అని ఉంది. కూరగాయలు, స్ట్రాబెర్రీలు పండే నేల. పొలాల్లో పనిచేసే మెక్సికో కుటుంబాలు ఎక్కువ. 1999, 2000 సంవత్సరాల్లో అక్కడి గర్భిణుల్ని చేర్చుకుని ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. చామకోస్ అని పేరు. తల్లుల మూత్రంలో, తర్వాత పిల్లల మూత్రంలో ఆర్గానోఫాస్ఫేట్ మందుల తాలూకు అవశేషాలు కొలుస్తూ వచ్చారు. క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ ఈ కుటుంబానివే. మన పురుగుమందుల షాపుల్లో ఏళ్ళ తరబడి వినపడిన పేర్లు.

359 మంది తల్లీబిడ్డల లెక్క 2015లో వచ్చింది. గర్భం రెండో సగంలో తల్లి ఒంట్లో ఈ అవశేషాలు ఎక్కువగా ఉంటే పిల్లలకి ఐదు, ఏడేళ్ళ వయసులో దగ్గు, ఆయాసం కొంచెం ఎక్కువ ఉన్నట్టు కనపడింది, కానీ ఆ సంబంధం గట్టిది కాదు. పిల్లల సొంత ఒంట్లో, అంటే పుట్టిన తర్వాత చేరిన అవశేషాలతో సంబంధం మాత్రం గట్టిగా కనపడింది. మరుసటి ఏడాది ఊపిరితిత్తుల బలం కూడా లెక్క వేశారు. ఆ చిన్నప్పటి అవశేషాలు పది రెట్లు ఎక్కువున్న పిల్లలు, ఏడేళ్ళ వయసులో ఒక సెకనులో ఊదగలిగే గాలి సగటున 159 మిల్లీలీటర్లు తక్కువ. మన టీకొట్టు గ్లాసుతో చూస్తే గ్లాసున్నర పైనే.

గమనించారా అండి? "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు" అని అడిగితే డేటా మాత్రం "పుట్టాక పిల్లాడి చుట్టూ ఏముంది" అని ఎదురు అడుగుతోంది. ఆ అవశేషాలు తిండి నుంచి ఎంత, పొలం గాలి నుంచి ఎంత, ఇంట్లో దుమ్ము నుంచి ఎంత అని మూత్రం చెప్పదు. అన్నీ కలిసి ఒకే అంకెగా వస్తాయి. మన ఊళ్ళల్లో కూడా అవి కలిసే ఉంటాయి కదా.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక్క నిమిషం. మన ఊపిరి గొట్టాల చుట్టూ ఉండే కండరాన్ని బిగించమని చెప్పే నరాలు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. అది ఎక్కువైతే "ఇక చాలు" అని ఆపే ఒక గ్రాహకం ఆ నరం మీదే ఉంటుంది, ఎం2 అంటారు. గినీ పందుల మీద చేసిన ప్రయోగాల్లో ఆర్గానోఫాస్ఫేట్లు చాలా తక్కువ మోతాదులో కూడా ఈ ఎం2 బ్రేకుని పనిచేయనివ్వలేదు. మా భాషలో చెప్పాలంటే ఆగే కండిషన్ లేని లూప్. చిన్న దుమ్ము తగిలినా, చల్లగాలి తగిలినా గొట్టం అవసరానికి మించి బిగుసుకుంటుంది. జంతువుల్లో చూసింది మనిషికి అచ్చంగా వర్తిస్తుందని చెప్పలేం. కానీ సలీనాస్ పిల్లల లెక్కకి ఒక కారణం ఇట్లా ఉండొచ్చు అని అర్థమవుతుంది.

ఇప్పుడు మన వైపుకి రండి. సార్వా వరి కోయగానే ఒకప్పుడు మినుము చల్లేవాళ్ళు. పల్లాకు తెగులు, బంగారు తీగ వచ్చి మినుము దెబ్బతిన్నాక దున్నకుండానే మొక్కజొన్న వేయడం మొదలైంది. దున్నకపోతే కలుపుకి మందే కొట్టాలి. కొల్లిపర, కొల్లూరు లంకల్లో అరటి, పసుపు, కంద, కూరగాయలు. పైకి వెళితే గుంటూరు మిర్చి. 2021–22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు రైతులు మందు మీద మందు కొట్టారు, అయినా చేలు దక్కలేదు. అప్పుచేసి కొట్టిన మందు అది. రైతుని తిట్టడం తేలికండీ. ఎకరానికి వేలకి వేలు పెట్టి విషం కొనాలని ఎవరికీ సరదా ఉండదు.

పెదవడ్లపూడి వైపు కరివేపాకు తోటలు చూసే ఉంటారు. మన దేశం నుంచి వెళ్ళే కరివేపాకుని పురుగుమందుల అవశేషాల కోసం ప్రత్యేకంగా తనిఖీ చేయాలని యూరప్ వాళ్ళు నిబంధనే పెట్టారు. అదే కరివేపాకు తెనాలి మార్కెట్లో పది రూపాయల కట్ట కింద మన ఇంటికి వస్తే ఎవరు తనిఖీ చేస్తారు? కడగటం ఒక్కటే మన చేతిలో ఉంది. పెరట్లో కాస్త చోటుంటే కరివేపాకు, మునగ, రెండు బెండ పాదులు వేసుకోండి. ఖర్చు లేని పని.

కడగటం గురించి. ఉప్పు నీళ్ళు, చింతపండు నీళ్ళు, పసుపు నీళ్ళు అని రకరకాలుగా చెప్తారు. అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో యాపిల్స్ మీద రెండు మందులు వేసి చూశారు. వంట సోడా కలిపిన నీళ్ళలో 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే పైన ఉన్న మందు పోయింది. తొక్కలోకి ఇంకింది మాత్రం పోలేదు. మన కూరగాయలకీ అంతే. పైపూత మందైతే పోతుంది. మొక్క లోపలికి పాకే మందైతే ఏ నీళ్ళతో కడిగినా పోదు. దానికి విరుగుడు చేలోనే ఉంది. మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో డబ్బాతో ఇచ్చే కాగితం మీద రాసి ఉంటుంది. బెండకాయ రోజు మార్చి రోజు కోయాల్సిందే, ఆగితే ముదిరిపోతుంది. రైతు ఆ కాగితం చదివినా ఏం చేస్తాడు? అందుకే తక్కువ ప్రమాదం ఉన్న మందు ఎంచుకోవడం ముఖ్యం. డబ్బా మీద ముక్కోణం రంగు చూడండి. ఎరుపు అత్యంత ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ.

మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయం నడుస్తోంది. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్ వాళ్ళ గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. బయట అంత పేరుంది, మన తెనాలి మార్కెట్లో ఆ కూరగాయలు ఏ మూల దొరుకుతాయో అడిగితే చాలామంది చెప్పలేరు. అది నా ఫిర్యాదు.

నాన్నల సంగతి గుర్తుపెట్టుకోమన్నా కదా. మందు కొట్టి సాయంత్రం ఇంటికొస్తారు. ఆ లుంగీ, ఆ చొక్కా తీసుకెళ్ళి ఇంట్లో అందరి బట్టలతో కలిపి నానేస్తారు. ఉతికేది ఎవరు? చాలా ఇళ్ళల్లో కడుపుతో ఉన్న కోడలే. అదే చొక్కాతో మంచం మీద కూర్చుని చంటిపిల్లాణ్ణి ఎత్తుకుంటారు. స్ప్రేయర్ ట్యాంకు వంటింటి పంపు దగ్గర కడుగుతారు. మిగిలిన సగం డబ్బా బియ్యం డ్రమ్ము పక్కన పెడతారు. మందు కొట్టిన మర్నాడే చేలో కలుపుకి వెళ్ళే ఆడకూలీల్లో గర్భిణులూ ఉంటారు. ఆమె ఆ నెలలో ఏం తిన్నదో ఇంటిల్లిపాదీ లెక్క చెప్తారు. ఆమె చేతులకి ఏం అంటిందో ఎవరికీ గుర్తుండదు. మెసేజ్ పెట్టిన అక్క వాళ్ళకి వ్యవసాయం ఉందో లేదో నాకు తెలియదు. ఉన్నవాళ్ళకి మాత్రం చెప్తున్నా. ఆ బట్టలు బయటే విప్పి, విడిగా, కొట్టిన మనిషే ఉతుక్కోవాలి. స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

2020 డిసెంబర్లో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు కదా. ఎయిమ్స్ వాళ్ళు వచ్చారు, హైదరాబాద్ నుంచి పోషకాహార సంస్థ వాళ్ళు వచ్చారు, రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయన్నారు, పురుగుమందుల మీద కూడా అనుమానం పోయింది. ఒక్కసారిగా పడిపోతే దేశం మొత్తం కదిలొచ్చింది. కొద్దికొద్దిగా, ఇంటికొక్కరికి, ఏళ్ళ తరబడి జరిగేదానికి ఏ బృందమూ రాదు.

ఇక ప్లాస్టిక్. మన ఊళ్ళల్లో కర్రీ పాయింట్ లేని సెంటర్ లేదు. పొగలు కక్కే పప్పుచారు తీసి పల్చటి కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేస్తారు. ప్లాస్టిక్‌ని మెత్తగా చేయడానికి వాడే థాలేట్లు అనే రసాయనాలు కొన్ని రకాల ప్లాస్టిక్ నుంచి వేడికి, నూనెకి తిండిలోకి దిగుతాయి. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు 300 మంది తల్లుల్ని గర్భం చివరి నెలల్లో పరీక్షించి, పిల్లలకి 5 నుంచి 11 ఏళ్ళు వచ్చేదాకా చూశారు. రెండు రకాల థాలేట్లు బాగా ఎక్కువున్న తల్లుల పిల్లల్లో, తక్కువున్నవాళ్ళతో పోలిస్తే ఆస్తమా ఒకదానితో 72 శాతం, ఇంకోదానితో 78 శాతం ఎక్కువ వచ్చింది. 2014 నాటి లెక్క. ఇక్కడ మాత్రం కడుపులో ఉన్న కాలమే లెక్కలోకి వచ్చింది, నేను దాచను. కాకపోతే ఆ థాలేట్లు తిండి నుంచే రావు. ఇంట్లో పరిచే వినైల్ షీట్లు, సెంట్లు, లోషన్లు కూడా ఉంటాయి.

అదే యూనివర్సిటీ వాళ్ళు ఇంకో ప్లాస్టిక్ రసాయనం, బీపీఏ మీద కూడా 568 మంది తల్లీబిడ్డల్ని చూశారు. అక్కడ ఫలితం తిరగబడింది. పుట్టిన తర్వాత పిల్లల ఒంట్లో చేరిన బీపీఏతో పిల్లికూతలకి సంబంధం కనపడింది. తల్లి ఒంట్లో ఎక్కువుంటే ఐదేళ్ళప్పుడు పిల్లికూతలు తక్కువ కనపడ్డాయి! అంటే బీపీఏ మంచిదని కాదు. ఇటువంటి పరిశోధనల్లో ఒక్కో అంకెని పట్టుకుని ఊగిపోకూడదని. 'ప్లాస్టిక్ వల్ల ఆస్తమా గ్యారంటీ' అని థంబ్‌నెయిల్ పెట్టేవాళ్ళు రెండో పేపర్ సంగతి చెప్పరు.

చేయాల్సింది చిన్నదే. కర్రీ పాయింట్‌కి స్టీలు క్యారేజీ పట్టుకెళ్ళండి. మా అమ్మమ్మ తరం అంతా క్యారేజీ ఊపుకుంటూనే తిరిగింది, దానికి సైన్సు అక్కర్లేదు. పేపర్ కప్పు మంచిదనుకునేవాళ్ళకి ఒక మాట. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు 2020లో చూస్తే, 100 మిల్లీలీటర్ల వేడి నీళ్ళు పావుగంట ఉంచిన పేపర్ కప్పులో సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగాయి. లోపల ఉండే ఆ సన్నటి పొర ప్లాస్టిక్కే. గాజు గ్లాసు అడగండి. బజ్జీలు న్యూస్‌పేపర్లో పెట్టొద్దని 2016లోనే ఆహార భద్రత సంస్థ చెప్పింది. ఇప్పటికీ మిరపకాయ బజ్జీ నూనెలో నిన్నటి హెడ్‌లైన్ తడుస్తూనే ఉంది.

కూల్‌డ్రింకుల మాట వచ్చింది కాబట్టి పంచదార. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ ప్రాంతంలో 1990ల మొదట్లో గర్భిణులైన దాదాపు 9,000 మంది తల్లుల, వాళ్ళ పిల్లల లెక్క తీశారు. అందరికంటే ఎక్కువ పంచదార తీసుకున్న ఐదో వంతు తల్లుల పిల్లల్లో, అందరికంటే తక్కువ తీసుకున్నవాళ్ళ పిల్లలతో పోలిస్తే ఎలర్జీ 38 శాతం ఎక్కువ. ఎలర్జీతో కూడిన ఆస్తమా రెట్టింపు. గట్టి అంకెలే. కానీ సాధారణ ఆస్తమా మొత్తానికి అంత సంబంధం తేలలేదు, పంచదారే కారణం అని వాళ్ళు కూడా తేల్చలేదు. గర్భంలో షుగర్ వచ్చే ముప్పు ఎలాగూ ఉంది కాబట్టి తగ్గించుకోవడం మంచిదే. అప్పుడప్పుడు తాగిన ఒక సీసా మీద నాలుగేళ్ళ పిల్లాడి ఆయాసం కేసు మాత్రం నిలబడదు.

ఇక అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది. ఎలర్జీ వస్తుందని గర్భిణికి గుడ్లు, వేరుశనగ, చేపలు మానిపించడం. ఒకప్పుడు పెద్ద దేశాలే ఈ సలహా ఇచ్చాయి. ఎలర్జీ ఉన్న కుటుంబాల్లో గర్భిణులు వేరుశనగ మానమని బ్రిటన్ 1998లో చెప్పింది, 2009లో వెనక్కి తీసుకుంది. ఆ మధ్యలో లండన్‌లో గిడియన్ లాక్ అనే డాక్టర్ గారి బృందం ఒకటి గమనించింది. చిన్నప్పుడే వేరుశనగ చిరుతిండి తినే ఇజ్రాయెల్ యూదు పిల్లల్లో వేరుశనగ ఎలర్జీ, లండన్‌లో ఉన్న యూదు పిల్లలతో పోలిస్తే పదో వంతే ఉంది. 2015లో 640 మంది పసిపిల్లల మీద ప్రయోగం చేసి నిరూపించారు, ముందుగా తినిపించినవాళ్ళలోనే ఎలర్జీ చాలా తక్కువని. అంటే మానిపించడం వల్ల మేలు జరగలేదు. తల్లికే ఫలానాది పడదని తెలిస్తే అది వేరే సంగతి. లేకపోతే అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు తినాలి, ఇడ్లీలోకి పల్లీ చట్నీ వేసుకోవాలి.

చేపల సంగతి ఇంకా బాగుంటుంది. డెన్మార్క్‌లో 736 మంది గర్భిణులకి చివరి మూడు నెలల్లో సగం మందికి చేప నూనె గుళికలు, సగం మందికి ఆలివ్ నూనె ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్ళకీ తెలియదు. చేప నూనె తీసుకున్నవాళ్ళ పిల్లల్లో పిల్లికూతలు లేదా ఆస్తమా వందలో 17 మందికి వస్తే, రెండో వైపు 24 మందికి వచ్చింది. 2016లో అచ్చయింది. పైన చెప్పిన గర్భిణుల పరిశోధనలు ఊరికే చూసి లెక్కలు కట్టినవి, ఇది ప్రయోగం చేసి చూసింది. నిజాంపట్నం హార్బర్ మనకి పక్కనే ఉంది. ఏ కానాగంతలో తెచ్చి పులుసు పెట్టే బదులు "చేప వేడి చేస్తుంది" అని కోడలికి చారు పోస్తారు. ఒక్క జాగ్రత్త. సొర లాంటి వేటాడే పెద్ద చేపల్లో పాదరసం చేరుతుంది. అందుకే అమెరికా వాళ్ళ జాబితాలో గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొర తినకూడదు. మనం బాలింతకి పాలు పడతాయని సొరపుట్టు వండి పెడతాం. మామూలు చిన్న చేపలు పెట్టండి, అవే చాలు.

దుగ్గిరాల పసుపు యార్డు మన పక్కనే కాబట్టి పసుపు గురించి ఒక్కమాట. ఇది ఆయాసానికి కాదు, బిడ్డ మెదడుకి సంబంధించింది. బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలో సీసం ఎందుకుందని వెతికితే, పసుపు కొమ్ములకి మెరుపు కోసం పూసే లెడ్ క్రోమేట్ దగ్గర తేలింది. 2019లో మార్కెట్ పసుపులో 47 శాతం నమూనాల్లో సీసం ఉంటే, ప్రభుత్వం గట్టిగా పట్టుకున్నాక 2021కి సున్నా అయింది. రెండేళ్ళలో! కొమ్ములు కొని మర ఆడించుకునే అలవాటు ఉన్నవాళ్ళు మానకండి, మరీ నిగనిగలాడే కొమ్ములు మాత్రం వద్దు.

ఇప్పటికే ఆయాసం ఉన్న పిల్లల సంగతి వేరు. కారణం వేరు, రెచ్చగొట్టేది వేరు. ఎండుద్రాక్ష, ఎండు ఆప్రికాట్, కొన్ని సీసా రసాల్లో నిల్వకి వాడే సల్ఫైట్లు ఆస్తమా ఉన్నవాళ్ళలో కొద్దిమందికి వెంటనే ఆయాసం తెప్పిస్తాయి. ప్యాకెట్ మీద ఐఎన్‌ఎస్ 220 నుంచి 228 వరకు అంకెలుంటే అవే. మీ పిల్లాడికి అది తిన్న ప్రతిసారీ వస్తోందా లేదా అని ఒక నోటు పుస్తకంలో రాసుకోండి, డాక్టర్ గారికి చూపించండి. రెండుసార్లు కలిసొచ్చిందని అన్నీ మాన్పించేస్తే పిల్లాడు ఎండిపోతాడు. గులాబీ పీచుమిఠాయి మీద 2024లో తమిళనాడు, కర్ణాటక చర్య తీసుకున్నది రోడమిన్-బి అనే బట్టల రంగు గురించి. అది ఆయాసం గొడవ కాకపోయినా పిల్లలకి కొనొద్దు.

తిండి గురించి ఇంత మాట్లాడాను గానీ, పిల్లల ఊపిరికి అన్నిటికంటే రుజువైన శత్రువు పొగ. నాన్న సిగరెట్, తాతగారి చుట్ట, కట్టెల పొయ్యి. దోమల చుట్ట ఒకటి మూసిన గదిలో పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లోనే కొలిచారు. కాలవల పక్క ఊళ్ళు మనవి, దోమలు లేకుండా ఉండవు. దోమతెర కట్టండి. పిల్లాడి మంచం కింద చుట్ట వెలిగించి, పొద్దున్నే దగ్గుతున్నాడని తల్లిని నూడిల్స్ గురించి అడిగితే ఏం న్యాయం అండి?

అక్కా, మీ ప్రశ్నకి నా సమాధానం. మీరు తిన్నదాని వల్లే అని ఏ డాక్టరూ, ఏ పరీక్షా చూపించలేదు, చూపించే పరీక్ష లేదు కూడా. మీ ఇంట్లో వాళ్ళకి ఈ వీడియో పెట్టండి, కావాలంటే నన్ను తిట్టమనండి. అంతకంటే అర్జెంటు పని ఒకటుంది. మెసేజ్ చివర్లో మీరు "ఇన్హేలర్ రాశారు, అలవాటైపోతుందని వాడట్లేదు" అన్నారు. అలవాటు అవ్వదు. సిరప్‌లో మిల్లీగ్రాముల్లో వెళ్ళే మందు ఇన్హేలర్లో మైక్రోగ్రాముల్లో, నేరుగా గొట్టంలోకే వెళ్తుంది. చిన్నపిల్లలకి మాస్కు ఉన్న స్పేసర్‌తో ఇవ్వాలి, ఎలా పట్టుకోవాలో ఆసుపత్రిలో చేయించి చూసుకోండి. మృగశిర కార్తెకి హైదరాబాద్‌లో చేప మందుకి వెళ్ళే నమ్మకం ఉంటే ఆ నమ్మకం జోలికి నేను రాను, కానీ వెళ్ళొచ్చామని డాక్టర్ రాసిన మందు ఆపొద్దు. కడుపుతో ఉన్నవాళ్ళకే ఆస్తమా ఉంటే వాళ్ళూ సొంతంగా ఇన్హేలర్ ఆపకూడదు. తల్లికి ఊపిరి అందకపోతే బిడ్డకీ అందదు.

పిల్లాడు ఎప్పుడు ప్రమాదంలో ఉన్నట్టో చెప్పి ముగిస్తా. నిద్రలోనో, ఏడవకుండా ఉన్నప్పుడో చొక్కా తీసి, ఫోన్‌లో నిమిషం పెట్టుకుని శ్వాసలు లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా 40. ఆ అంకె చేరినా, దాటినా వేగంగా ఊపిరి తీస్తున్నట్టే, అదే రోజు డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళండి. డొక్కలు ఎగరేస్తున్నా, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగొద్దు. అర్ధరాత్రైనా 108కి ఫోన్ చేయండి.

ఉంటానండి.